గోనెపట్ట మీదికి నెట్టిన తప్పు

ఆ పెట్టె ఎండకు పని చేయదని నాకు ముందే తెలుసు. మోటారు కాలిపోవడానికి పదకొండు రోజుల ముందే తెలుసు. ఈ మాట నా భాగస్వామికి చెప్పలేదు, మోటారు పోగొట్టుకున్న రైతుకు చెప్పలేదు, ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. పైగా ఆ తరవాత ఐదారేళ్ల పాటు, కొత్తగా ఏదైనా పరిశ్రమ పెట్టుకుంటామని సలహా కోసం వచ్చినవాళ్లకు మా మొదటి కంపెనీ కథ చెబుతూ వచ్చాను. ఆ కథలో ఒక మొరటు మనిషి ఉండేవాడు. చదువు లేక, తెలియక కంపెనీకి చెడ్డపేరు తెచ్చినవాడు. అట్లాంటి మనిషి నిజంగా లేడు. చెడ్డపేరు తెచ్చింది నేను, మోసింది నా భాగస్వామి. అతనికి నేను క్షమాపణ చెప్పుకున్నది ఒక ఊళ్లో పదిమంది ముందు. నా కథ మాత్రం అంతకంటే చాలా ఊళ్లకు పోయింది. అందుకని ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో డిప్లొమా పట్టుకుని బెంగుళూరు వెళ్లాను. ఆరుగురం పని చేసే ఒక రేకుల షెడ్డులో చేరాను. ఇళ్లకూ దుకాణాలకూ వోల్టేజీ స్టెబిలైజర్లు చేసేవాళ్లం. ఇప్పుడు ఇట్లాంటివాటిని స్టార్టప్ అంటున్నారు. అప్పుడు షెడ్డు అనే అనేవాళ్లం. మా ఓనరుది చిలమత్తూరు దగ్గర పల్లె. పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వదులుకుని సొంతంగా పెట్టుకున్నాడు. తెలివైనవాడు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే వేరే మనిషయ్యేవాడు. కానీ గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైతే చాలు, మొహంలో రక్తం ఇంకిపోయేది.

ఒకసారి ఒక గిరాకీ నన్ను అడిగాడు, ఇది ఎండాకాలం తట్టుకుంటుందా అని. "ఎండాకాలంలో ఇంకా చూడలేదు సార్" అన్నాను. ఆయన వెళ్లాక ఓనరు తలుపు వేసి నా ముందు నిలబడ్డాడు.

"చూడలేదు అనే మాట ఇంకోసారి నీ నోట్లోనుంచి వస్తే, ఆ నోటికి ఈడ పని లేదు. బ్రహ్మాండంగా పనిచేస్తాది అనల్ల. తర్వాత కూర్చోని పనిచేసేట్ల చేయల్ల. ముందు మాట, వెనక పని. కంపెనీ అంటే అంతేనప్పా."

నెల తిరక్కముందే ఆ గిరాకీ స్టెబిలైజరును చంకలో పెట్టుకుని తిరిగి వచ్చాడు. ఓనరు అట్టపెట్టెల వరస వెనక్కి పోయి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. "ఊళ్లో లేరు సార్" అని నేను చెబుతుంటే, పెట్టెల సందులోనుంచి ఆయన చెప్పు కొస నాకు కనిపిస్తూనే ఉంది. గిరాకీకి కూడా కనిపిస్తుందేమోనని పక్కకు జరిగి అడ్డంగా నిలబడ్డాను. ఆ షెడ్డులో నేను నేర్చుకున్న పని ఎంతో, నేర్చుకున్న భయమూ అంతే. రెండేళ్లకు షెడ్డు మూతపడింది. పనితోపాటు భయాన్నీ మూట కట్టుకుని అనంతపురం వచ్చేశాను.

అనంతపురంలో బస్టాండు వెనక సందులో ఒక మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటార్లలో పాత తీగ పీకేసి కొత్త తీగ చుట్టే పని. ఆ మేస్త్రీ నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి. రేడియోలు బాగు చేసే పని పెట్టుకోవడానికి కొంచెం చోటు అడిగితే షాపులో ఒక మూల ఇచ్చాడు. ఆ షాపుకు కాగితం మీద రాసిచ్చే గ్యారంటీ లేదు. మోటారు చుట్టి, తానే బండిలో వెంట పోయి, బోరులో దింపించి, స్విచ్ వేసి, పైపులో నుంచి వచ్చిన మొదటి నీళ్లు దోసిలితో తాగి గానీ వెనక్కి వచ్చేవాడు కాదు. ఆ నీళ్లలో తుప్పు, మన్ను అన్నీ ఉండేవి. అయినా తాగేవాడు. రైతుకు అదే రసీదు. చుట్టుపక్కల పల్లెల్లో అతని మాటకు అంత విలువ. అతనికి ఉన్న ఆస్తి కూడా అదే.

ఎండాకాలం వస్తే షాపు ముందు కాలిన మోటార్లు వరసగా పడి ఉండేవి. బోరులో నీళ్లు అయిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటే, చల్లబరిచే నీళ్లు లేక కాలిపోతుంది. ఒకరోజు ఒక మోటారు విప్పుతూ అతను అన్నాడు:

"ఎండాకాలం వస్తే నాకు పండగ అనుకుంటారప్పా జనం. ఒక్కో మోటారు విప్పినప్పుడు ఆ ఇంట్లోవాళ్ల మొగాలు కనపడ్తాయి నాకు. ఏమప్పా ఇంజినీరూ, నీళ్లు అయిపోతానే మోటారు దానంతట అదే నిలిచిపోయేట్ల ఏమన్నా చేయగలవా నువ్వు?"

ఆ ఆలోచన అతనిది. తరవాత నేను చెప్పుకున్న కథలో అది నాది.

నీళ్లు తగ్గితే మోటారుకు బరువు తగ్గుతుంది, అది తీసుకునే కరెంటూ తగ్గుతుంది. ఆ తగ్గుదలను కనిపెట్టి స్టార్టరును ఆపేసే పెట్టె ఒకటి చేశాను. ఇనుప రేకు డబ్బా, లోపల నాలుగైదు చిన్న భాగాలు. మొదటిసారి అది 'టక్' మని మోటారును ఆపినప్పుడు అతను చేతులు తుడుచుకుని వచ్చి డబ్బాను చూస్తూ నిలబడిపోయాడు.

"నువ్వు చెయ్యి, నేను బిగిస్తా. రైతులు నిన్ను నమ్మరు, నన్ను నమ్ముతారు. పేరు మాత్రం ఇంగిలీషులో పెట్టు. అప్పుడే కంపెనీ మాదిరి ఉంటాది."

అట్లా ఇద్దరం భాగస్వాములమయ్యాం. ఆ చలికాలంలో ఇరవై పైచిలుకు బోర్లకు పెట్టెలు బిగించాం. అన్నీ చక్కగా పనిచేశాయి. ప్రతి చోటా రైతుకు మేము చెప్పిన మాట ఒక్కటే: "ఇంక మోటారు దగ్గర కాపలా కూర్చోవద్దు." పెట్టె లేనప్పుడు రైతు అక్కడే కూర్చునేవాడు. పైపులో ధార సన్నబడగానే లేచి ఆపేసేవాడు. ఆ కూర్చోవడాన్ని మాన్పించింది మేమే. ఇది బాగా గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఎండలు మొదలయ్యాక, రైతుల సొసైటీ ఒకటి మా పెట్టెను చూస్తామంది. వాళ్లకు నచ్చితే సభ్యులందరికీ తీసుకుంటారు. ఇంక రెండు వారాలు ఉందనగా, బెంగుళూరు షెడ్డు గుర్తొచ్చి, పెట్టెను ఎండలో పెట్టి చూద్దామనుకున్నాను. మేస్త్రీ ఆ రోజు ఊళ్లో లేడు. షాపు వెనక రేకు మీద డబ్బాను పెట్టి, వైర్లు లోపలికి లాక్కుని, చిన్న మోటారుకు తగిలించాను. మిట్టమధ్యాహ్నానికి డబ్బా ముట్టుకుంటే కాలుతోంది. మోటారు మీద బరువు తీసేశాను. 'టక్' మనాలి. అనలేదు. ఇంకో రెండు నిమిషాలు ఆగి చూశాను. మోటారు తిరుగుతూనే ఉంది. డబ్బాను నీడలోకి తెచ్చి, చల్లబడ్డాక మళ్లీ చూశాను. 'టక్' మంది. మళ్లీ ఎండలో పెట్టాను. మౌనం.

నోటుబుక్కులో మొదటి రెండుసార్లు రాశాను. మూడోసారి రాయలేదు. ఆ పేజీ చించి ఇంటికి తీసుకుపోయి, ఆ కాగితంతోనే స్టవ్ వెలిగించాను.

కరెంటు తగ్గిందని కనిపెట్టే భాగం చవక రకం. వేడెక్కితే తగ్గలేదని చెబుతోంది. మంచి రకం బెంగుళూరులో దొరుకుతుంది. తెప్పించి అన్ని పెట్టెల్లో మార్చాలంటే నెల పడుతుంది. ఈలోగా చేయవలసిన పని చాలా చిన్నది. మేస్త్రీకి చెప్పాలి. ఇద్దరం తిరిగి, "పెట్టె బాగయ్యేదాకా మోటారు దగ్గరే కూర్చోండి" అని రైతులకు చెప్పాలి. అంతే. కానీ ఆ మాట సొసైటీ చెవిన పడితే ఇంక పెట్టె ఎవరు కొంటారు? చూడలేదు అన్న నోటికి పని లేదని చెప్పిన ఓనరు నా తలలో కూర్చుని ఉన్నాడు. ముందు సొసైటీ పని అయిపోనీ, తరవాత ఒక్కొక్కటే మార్చేద్దాం అనుకున్నాను. రెండు వారాలు. రెండు వారాల్లో ఏమవుతుంది?

ఆ తరవాత పది రోజులూ నాకు అన్నం దిగలేదు. పొద్దున ఎండ గోడ మీద పడగానే ఇరవై పైచిలుకు డబ్బాలు ఒకేసారి వేడెక్కడం నా ఒంటికి తెలిసేది. సందులోకి ఎవరు వచ్చినా పల్లెనుంచి వచ్చారేమోనని చూసేవాణ్ణి. మబ్బు పట్టిన రోజు మాత్రం కొంచెం ఊపిరి ఆడేది. అనంతపురంలో ఆ నెలలో మబ్బు ఎన్నిసార్లు పడుతుంది?

అయిదో రోజో ఆరో రోజో మేస్త్రీ రాప్తాడు వైపు మేము పెట్టె బిగించిన ఒక చీనీ, అంటే బత్తాయి, తోట చూసుకుని తిరిగొచ్చి, చెంబెడు నీళ్లు తాగి అన్నాడు:

"ఆ చీనీ తోటాయన పెట్టె మోటారు కొట్టం పడమటి గోడకు బయటుండాది కదా. చెయ్యి పెడితే కాల్తాండాది. లోపల నీ సామాన్లకు ఏమీ కాదు కదా?"

చెప్పడానికి అంతకంటే మంచి గడియ నాకు మళ్లీ దొరకలేదు. అతను అడిగిందే ఆ ప్రశ్న.

"ఏమీ కాదన్నా. తట్టుకుంటాయి."

"నాకెందుకో బాగా అనిపించలేదప్పా. దాని మీద చెక్క పలకొకటి అడ్డం కొట్టి, తడి గోనెపట్ట ఏలాడదీసి వచ్చినా. నీళ్లకుండకు చుట్టినట్ల. నవ్వుతావా ఏమి? సదువుకున్నోనివి, నువ్వు వద్దంటే తీసేస్తా."

నవ్వాను. నవ్వకపోతే అనుమానిస్తాడని నవ్వాను. "ఉండనీలే" అన్నాను. నాకు తెలిసిన తప్పును అతను చేత్తో ముట్టుకుని కనిపెట్టాడు. తనకు చేతనైన మందు కూడా వేసి వచ్చాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం చీనీ తోట రైతు వచ్చాడు. చెప్పులు కూడా లేవు. షాపు గడప బయటే నిలబడి, "మోటారు పోయిందప్పా" అన్నాడు.

మేము వెళ్లేసరికి మూడు కాళ్ల స్టాండు పాతి, గొలుసుతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతున్నారు. మోటారు బయటికి రాగానే కాలిన వాసన తోటంతా కమ్మింది. పక్క పొలాలవాళ్లు పది పన్నెండు మంది చేరారు. చెట్లకు గోలీలంత పిందెలు ఉన్నాయి. ఆ ఎండలో వారం పది రోజులు నీళ్లు లేకపోతే పిందెలు నిలవవు, చెట్లూ నిలవవు.

రైతు కోపంగా అనలేదు. దానికే నాకు భయం వేసింది. "పెట్టె ఉండాది కదా అని రాప్తాడుకు పోయినా. గంట సేపు. మీరే కదప్పా కాపలా వద్దన్నది?"

నేను గోడ దగ్గరికి వెళ్లాను. వాళ్లకు వీపు పెట్టి డబ్బా మూత విప్పాను. లోపల ఎండు దుమ్ము ఉంది. చుక్క తడి లేదు. గోనెపట్ట పలక మీదుగా డబ్బాకు జానెడు ఎడంగా వేలాడుతోంది. దాన్ని రైతు ఆ ఉదయం తడపడం మరిచిపోయాడో, తడిపినా ఎండిపోయిందో తెలియదు. అదీ పొడిగానే ఉంది. అందరూ నా వెనకే నిలబడి ఉన్నారు. నాకు అట్టపెట్టెల వెనక దాక్కున్న ఓనరు కనిపించాడు. అక్కడ దాక్కోవడానికి అట్టపెట్టెలు లేవు. గోనెపట్ట ఒక్కటే ఉంది.

మూత బిగించి వెనక్కి తిరిగాను. "తడి గోనె కప్పినారు. నీళ్లు లోపలికి దిగి పెట్టె చెడిపోయింది" అన్నాను.

అందరూ మేస్త్రీ వైపు చూశారు. అతను నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంటుందనుకున్నాను. లేదు. నేను చెప్పింది నమ్మాడు. చదువుకున్నవాణ్ణి కదా.

"నేనే కప్పినా" అన్నాడు రైతుతో. "నాదే తప్పప్పా. మోటారు నేను చుట్టిస్తా."

"ఇనుప డబ్బాకు, కరెంటు సామానుకు తడిగోనె కప్పేది ఏందప్పా, దానికేమన్నా జరమొచ్చిందా?" అన్నాడు ఎవరో. కొందరు నవ్వారు. నేను తల దించుకుని స్క్రూలు బిగిస్తున్నట్టు నటించాను.

మోటారు తిరిగి బోరులోకి దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మేస్త్రీ వేరే పని ముట్టుకోలేదు. పొద్దున తీగ చుట్టేవాడు, సాయంత్రం ఎద్దులబండిలో డ్రమ్ములు పెట్టుకుని తోటకు నీళ్లు తోలేవాడు. పిందెలు రాలిపోయాయి. సగానికి పైగా చెట్లు చచ్చిపోయాయి. మోటారు దింపిన రోజు అతను స్విచ్ దగ్గరికి పోలేదు. "నువ్వు వేసుకోప్పా" అని రైతుతో అన్నాడు.

సొసైటీ మా పెట్టెను నీడ ఉన్న వరండాలో చూసింది. నచ్చింది.

నేను బెంగుళూరు పోయి మంచి భాగాలు తెచ్చాను. "నీళ్లు దిగకుండా కొత్త రకం" అని చెప్పి, బిగించిన పెట్టెలన్నిటిలో మార్చాను. దారి చూపడానికి మేస్త్రీ నా వెంట వచ్చేవాడు. నేను మూత విప్పుతుంటే అంత దూరంలో నిలబడేవాడు. స్క్రూడ్రైవరు అందియ్యన్నా అంటే, "నేను ముట్టుకోనులేప్పా, మల్ల ఏమన్నా అయితాది" అనేవాడు. ఇరవై చోట్ల ఆ మాట విన్నాను. ఇరవై చోట్లా నోరు తెరవబోయి మూసుకున్నాను.

ఊళ్లలో అతని పేరు మారిపోయింది. గోనెపట్ట మేస్త్రీ అన్నారు. టీ అంగడి దగ్గర కనిపిస్తే, "ఏమప్పా గోనెపట్టా, మా ఎద్దుకు ఎండ తగిలింది, వచ్చి కప్పిపోతావా?" అనేవాళ్లు. మొదట్లో తానూ నవ్వేవాడు. మోటార్లు వేరే షాపులకు పోవడం మొదలయ్యాక నవ్వడం మానేశాడు. మరుసటి ఎండాకాలం షాపు ముందు ఒక్క మోటారూ లేదు. కంపెనీలో తన వాటా ఉందని నేను గుర్తుచేస్తే, "నా వల్ల నీకు చెడ్డపేరు ఎందుకప్పా" అని చెప్పి, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలికి చేరిపోయాడు.

అతను వెళ్లిన రోజు నాకు కలిగింది బాధ కాదు. ఇంక తెలిసిపోదు అనే నిమ్మళం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

కంపెనీ నాలుగైదేళ్లు బాగానే నడిచింది. తరవాత పెద్ద కంపెనీలు ఆ పనిని స్టార్టరులోనే కలిపి చేయడంతో మా పెట్టె అవసరం తీరిపోయింది. మూసేశాను. దానికీ మేస్త్రీకీ ఏ సంబంధమూ లేదు. అయినా కథ చెప్పేటప్పుడు మొదటి దెబ్బ అతని వల్లే తగిలిందని చెప్పేవాణ్ణి. చెప్పేకొద్దీ గోనెపట్ట ఇంకా తడిసిపోయేది. చివరికి నీళ్లు కారేవి.

ఎనభైల చివర్లో తాడిపత్రి నుంచి ఒకాయన, పాలిష్ ఫ్యాక్టరీ పెడుతున్నానని సలహాకు వచ్చాడు. అలవాటుగా నా కథ చెప్పాను. అనంతపురం మోటారు మేస్త్రీ అనగానే ఆయన గుర్తుపట్టి అన్నాడు:

"ఆయప్ప మా పక్క ఫ్యాక్టరీలోనే ఉండాడు సార్. మోటారు పని అంటే ఆయప్పే. కానీ ఒక ఇచిత్రం. అంతా బిగిస్తాడు, స్విచ్ మాత్రం వేయడు. పక్కకు పోయి నిలబడి వేరేవాళ్లతో వేయిస్తాడు. ఎందుకో ఇప్పుడు అర్థమయింది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున తాడిపత్రి బస్సు ఎక్కాను. దారంతా రెండు భయాలు. చెబితే ఏం చేస్తాడో అని ఒకటి. చెప్పకుండా తిరిగొచ్చేస్తానేమో అని రెండోది. రెండోదే పెద్దది.

ఫ్యాక్టరీలో కోత రంపాల మోత. నేల మీద తెల్లటి రాతి బురద. అతని జుట్టు నెరిసిందో, బండల పొడి పడిందో తెలియలేదు. నన్ను చూసి మొహం వెలిగింది. "ఏమప్పా ఇంజినీరూ! ఇంత దూరం వచ్చినావే!" అని భుజం మీద చెయ్యి వేశాడు. బయటికి తీసుకుపోయి, పగిలిన బండ మీద కూర్చోబెట్టాడు. నేను కూర్చోలేకపోయాను. నిలబడే మొత్తం చెప్పాను. రేకు మీద పెట్టి చూడడం, పేజీ చించడం, పదకొండు రోజులు, డబ్బాలో ఎండు దుమ్ము.

అతను చేతికి అంటిన బురద గోటితో గీక్కుంటూ కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనిపించింది.

"అయితే లోపల తడి లేదు" అన్నాడు చివరికి.

"లేదన్నా."

"నేను పలక అడ్డం కొట్టినా కదప్పా. నీళ్లు యాడనుంచి దిగినాయా అని ఇన్నేండ్లు ఆలోచన చేసినా. పడుకున్నా అదే, లేసినా అదే. పలక కొలత తప్పు పెట్టినానేమో అనుకున్నా." గీకడం ఆపి నా వైపు చూశాడు. "ఆ పొద్దు నేను అడిగితి కదా నిన్ను. సామాన్లకు ఏమీ కాదు కదా అని."

"అడిగినావన్నా."

"అప్పుడు చెప్పింటే ఇద్దరం పోయి ఆయప్పను మోటారు కాడ కూర్చోమనింటిమి. ఒక్క మాట. చెట్లుండేవి."

కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు.

"ఈడ రంపాల మోతలో చెప్తే ఎవురికి ఇనపడ్తాదప్పా? నన్ను గోనెపట్టా అన్నోళ్లు ఈడ లేరు. ఆడ చెప్పల్ల."

ఆ ఆదివారమే ఇద్దరం ఆ ఊరికి వెళ్లాం. రైతు పొలంలో చీనీ చెట్లున్న సగం ఇప్పుడు వేరుశనగ చేను. ఆయనను పిలిచి టీ అంగడి దగ్గరికి తీసుకొచ్చాను. పదిమంది దాకా ఉన్నారు. మేస్త్రీని చూసి ఒకాయన "ఏమప్పా గోనె..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు. బెంచీ కొయ్య పట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఆ పొద్దు మీ అందరి ముందర నేను అబద్ధం చెప్పినా" అన్నాను. "పెట్టెలోకి నీళ్లు దిగలేదు. నేను చేసిన పెట్టె ఎండకు పనిచేయలేదు. అది నాకు పదకొండు రోజుల ముందే తెలుసు. తెలిసి కూడా భయపడి చెప్పలేదు. ఈయన కప్పిన గోనెపట్టలో తప్పు లేదు. పెట్టెను కాపాడాలని చూసింది ఈయనొక్కడే. అన్నా, నీ చెట్లు చచ్చిపోయింది నా వల్ల." రైతు వైపు తిరిగి చేతులు జోడించాను. తరవాత మేస్త్రీ వైపు తిరిగాను. "అన్నా, నీ పేరు చెడగొట్టింది నేను. తప్పు నాది. నన్ను క్షమించు."